డబ్లిన్ నుంచి బోయిన్ లోయకు: ఒక్క రోజు ప్రైవేట్ టూర్‌ను ఎలా కుదుర్చుకోవాలి

ఐర్లాండ్‌లో చూడడానికి ఒక్క రోజు మాత్రమే దొరికితే చాలామంది క్లిఫ్స్ ఆఫ్ మొహర్‌కు బయలుదేరుతారు. అవి పడమటి తీరంలోని ఎత్తైన సముద్రపు కొండచరియలు. డబ్లిన్ నుంచి వెళ్లడానికి సుమారు మూడు గంటలు, తిరిగి రావడానికి మరో మూడు గంటలు పడుతుంది కాబట్టి రోజులో సగం మోటార్‌వే మీదే గడిచిపోతుంది. డబ్లిన్‌లో ఉద్యోగం చేస్తున్న పిల్లల దగ్గరకు హైదరాబాద్ నుంచో విజయవాడ నుంచో వచ్చిన అమ్మానాన్నలను వెంటబెట్టుకుని వెళ్లేవారికి బోయిన్ లోయ మేలని నా అభిప్రాయం. అది డబ్లిన్‌కు ఉత్తరాన కారులో ముప్పావు గంట ప్రయాణం. పచ్చిక బయళ్లు, గొర్రెల మందలు, ముళ్లకంచెల మధ్య సన్నని దారులు, అయిదు వేల ఏళ్ల నాటి సమాధులు, మఠాల శిథిలాలు, రాజుల గుట్ట అన్నీ అరగంట, ముప్పావు గంట దూరాల్లోనే ఉన్నాయి.

ప్రైవేట్ టూర్ అంటే కారు మీ కుటుంబానికే కేటాయించి, దానితోపాటు దారి తెలిసిన, చరిత్ర చెప్పగలిగిన డ్రైవర్ గైడ్‌ను పంపడం. బస్సు టూర్‌తో పోలిస్తే ఖర్చు బాగా ఎక్కువే గానీ, నలుగురైదుగురు కలిసి పంచుకుంటే తేడా కొంత తగ్గుతుంది. అయితే డబ్బు కట్టే ముందు ఒక విషయం తెలుసుకోవాలి. లోయలో అన్నిటికన్నా ప్రసిద్ధమైన న్యూగ్రేంజ్ సమాధిలోపల వివరించేది అక్కడి ప్రభుత్వ గైడ్లే. అక్కడ మీ గైడ్ పని దాదాపు ఏమీ ఉండదు. టికెట్ కౌంటరు గానీ వివరించే మనిషి గానీ లేని మొనాస్టర్‌బాయిస్ శ్మశానంలోనూ, పైకి చూస్తే ఖాళీ పచ్చిక మైదానంలా కనిపించే తారా గుట్ట మీదా మాత్రం అతడు లేకపోతే మీరు చూసేది రాళ్లూ గడ్డీ మాత్రమే. అందువల్ల ఆ రెండు చోట్లా తీరిగ్గా గడిపేలా రోజును అమర్చుకుంటేనే మీ డబ్బుకు తగిన ఫలితం దక్కుతుంది.

టికెట్టు ముందు, కారు తర్వాత

మొట్టమొదట ఖాయం చేసుకోవలసింది న్యూగ్రేంజ్ టికెట్టు. న్యూగ్రేంజ్, నౌత్, డౌత్ అనే మూడు పెద్ద సమాధి గుట్టలున్న ఈ ప్రాంతాన్ని బ్రూ నా బోన్య అంటారు. 1993లో యునెస్కో దీనిని ప్రపంచ వారసత్వ స్థలంగా గుర్తించింది. ఎంత ఖరీదైన కారులో వచ్చినా సరే, గుట్ట దగ్గరకు నేరుగా వెళ్లి లోపలికి ప్రవేశించడం కుదరదు. నదికి దక్షిణపు ఒడ్డున, డోనోర్ గ్రామం దగ్గరున్న సందర్శకుల కేంద్రంలో టికెట్ చూపించి, కాలినడక వంతెన మీదుగా బోయిన్ నదిని దాటి, అవతలి ఒడ్డున వేచి ఉండే షటిల్ బస్సు ఎక్కాలి. టికెట్లు నిర్ణీత సమయానికి, పరిమిత సంఖ్యలో ఇస్తారు. వేసవి నెలల్లో చాలా రోజుల ముందే అయిపోతాయి.

ఇంకో మెలిక కూడా ఉంది. టికెట్లలో రకాలున్నాయి: ప్రదర్శనశాల వరకే అనుమతించేవి, గుట్టలను బయట నుంచి చూపించేవి, న్యూగ్రేంజ్ లోపలి గదిలోకి తీసుకెళ్లేవి. టూర్ ప్రకటనలో న్యూగ్రేంజ్ అని రాసి ఉన్నంత మాత్రాన గది లోపలికి ప్రవేశం ఉందని అనుకోకూడదు. టికెట్ ఎవరు కొంటారు, అది ఏ రకం, ఏ గంటకు అన్న మూడు ప్రశ్నలకూ ఈమెయిల్‌లో రాతపూర్వకంగా జవాబు తీసుకోండి. తేదీ ఖాయమైన వెంటనే టికెట్లు మీరే ఆన్‌లైన్‌లో కొనుక్కుని, ఆ సమయం చుట్టూ తక్కిన రోజును అల్లమని గైడ్‌కు చెప్పడం ఇంకా మంచి పద్ధతి.

గైడ్ ఎంపికలో రెండు విషయాలు చూడాలి. డబ్బు తీసుకుని ప్రయాణికులను ఎక్కించుకునే చిన్న వాహనాలకు ఐర్లాండ్ జాతీయ రవాణా సంస్థ లైసెన్సు ఉండాలి. అది ఉందో లేదో అడగడం మీ హక్కు. రెండోది, ఆ దేశ పర్యాటక అభివృద్ధి సంస్థ ఫాల్చా ఐర్లాండ్ ఆమోదం పొందిన జాతీయ గైడ్లకు బ్యాడ్జి ఉంటుంది. బ్యాడ్జి లేని మంచి గైడ్లూ లేకపోలేదు గానీ, ఎవరూ తెలియని చోట అది ఒక భరోసా. ఇక రేటు చెప్పినప్పుడు అది ఎన్ని గంటలకు, టోల్‌గేట్ల రుసుము అందులో కలిసిందా, ప్రవేశ టికెట్లు కలిశాయా, ఆలస్యమైతే గంటకు ఎంత అదనం అని అడగండి. చంటిపిల్లలుంటే చైల్డ్ సీటు కావాలని ముందే చెప్పాలి. ఆ ఉదయం చెబితే దొరకదు.

కారు అద్దెకు తీసుకుని మీరే నడుపుకోవచ్చు కదా అన్న ప్రశ్న సహజం. మనలాగే అక్కడా ఎడమవైపు నడుపుతారు. కొద్దికాలం సందర్శనకు వచ్చినవారు చెల్లుబాటులో ఉన్న భారత లైసెన్సుతో నడపవచ్చు. ఇబ్బంది పల్లె దారులతోనే వస్తుంది. రెండు పక్కలా మనిషెత్తు కంచె, ఎదురుగా ట్రాక్టరు, ఎక్కడ పక్కకు తీయాలో తెలియని వంకరదారి. 2025 ఫిబ్రవరి నుంచి ఇలాంటి గ్రామీణ స్థానిక రోడ్ల మీద సాధారణ వేగ పరిమితిని గంటకు 80 కిలోమీటర్ల నుంచి 60కి తగ్గించారు. డబ్లిన్ చుట్టూ తిరిగే ఎం50 రహదారిలో టోల్‌గేటు కనిపించదు. కెమెరా నంబరు తీసుకుంటుంది, మరుసటి రోజు రాత్రి 8 గంటలలోపు మనమే ఆన్‌లైన్‌లో చెల్లించాలి.

ఉదయం: మొనాస్టర్‌బాయిస్

ఎనిమిదిన్నరకు బయలుదేరితే ఎం1 మీదుగా డ్రాహెడా పట్టణం దాటి తొమ్మిదిన్నరకల్లా మొనాస్టర్‌బాయిస్ చేరతారు. ఇక్కడికి ఉదయమే రావాలనడానికి కారణముంది. ఇక్కడి మురెదాక్ శిలువ సుమారు అయిదున్నర మీటర్ల ఎత్తైన ఇసుకరాతి స్తంభం. తొమ్మిది, పది శతాబ్దాల నాటిది. తూర్పు ముఖాన ఉదయపు ఎండ ఏటవాలుగా పడినప్పుడు అరిగిపోయిన బొమ్మలు లేచి కనిపిస్తాయి. మధ్యాహ్నానికి అవి మళ్లీ రాతిలో కలిసిపోతాయి. కింద ఆదాము, అవ్వ, వారి పక్కనే తమ్ముణ్ని చంపుతున్న కయీను. ఆపైన దావీదు, గొల్యాతు. ఇంకా పైన రాతి నుంచి నీళ్లు రప్పిస్తున్న మోషే, బాలయేసును చూడవచ్చిన జ్ఞానులు. శిలువ నడిమి వలయంలో అంతిమ తీర్పు. మిఖాయేలు దూత త్రాసులో ఒక ఆత్మను తూస్తుంటే, కింద నుంచి సైతాను తక్కెడను లాగే ప్రయత్నం చేస్తుంటాడు. లేపాక్షి స్తంభాల ముందు నిలబడి పురాణ కథలు చదువుకున్నట్టే, చదువురాని జనం బైబిలును ఈ రాతి మీద చదువుకున్నారు.

పడమటి వైపు వెళ్లి మోకాళ్ల ఎత్తులో వెతకండి. శాసనం పక్కన రెండు పిల్లులు పడుకుని ఉంటాయి. ఈ శిలువను చేయించిన మురెదాక్ కోసం ప్రార్థించమని ఆ శాసనం కోరుతుంది. గైడ్ చూపించకపోతే చాలామంది ఈ పిల్లులను దాటి వెళ్లిపోతారు.

పక్కనున్న గుండ్రటి గోపురానికి కొన లేదు. 1097లో ఇది తగలబడి, లోపల దాచిన పుస్తకాలూ విలువైన వస్తువులూ కాలిపోయాయని ఐరిష్ వార్షిక చరిత్రలు రాసుకున్నాయి. చుట్టూ ఉన్నది ఇప్పటికీ వాడుకలో ఉన్న శ్మశానం కాబట్టి సమాధుల మీద కూర్చోవడం, పిల్లలను పరుగెత్తనివ్వడం తగదు. ప్రవేశ రుసుము లేదు.

దగ్గరలోనే మెల్లిఫాంట్ ఉంది. 1142లో స్థాపించిన ఇది, సిస్టర్షియన్లు అనే క్రైస్తవ సన్యాసుల శాఖకు ఐర్లాండ్‌లో తొలి మఠం. సన్యాసులు భోజనానికి ముందు చేతులు కడుక్కున్న ఎనిమిది పలకల మండపంలో కొంత భాగం తప్ప చాలావరకు పునాదులే మిగిలాయి. సమయముంటే ఇరవై నిమిషాలు ఆగండి, లేకపోతే వదిలేయండి.

న్యూగ్రేంజ్‌కు మూడు గంటలు

పదకొండు, పదకొండున్నర ప్రాంతపు టికెట్టు అయితే సరిగ్గా సరిపోతుంది. ప్రదర్శనశాల, షటిల్, గుట్ట, తిరుగు ప్రయాణం కలిపి మూడు గంటలు పక్కన పెట్టాలి. న్యూగ్రేంజ్ సుమారు క్రీ.పూ. 3200 నాటిది, అంటే గీజా పిరమిడ్ల కన్నా పాతది. గుట్ట అడ్డుకొలత 85 మీటర్లు, చుట్టూ 97 పెద్ద అంచురాళ్లు. ద్వారం ముందు అడ్డంగా పడుకోబెట్టిన రాతి మీద చెక్కిన సర్పిలాలకు అర్థమేమిటో ఈ రోజుకీ ఎవరూ ఖాయంగా చెప్పలేదు. తెల్లగా మెరిసే ముఖభాగపు గోడ మాత్రం 1960, 70 దశకాల్లో పురావస్తు శాస్త్రవేత్త మైకేల్ జె. ఓకెల్లీ తవ్వకాల తర్వాత తిరిగి కట్టినది. ఆ పలుగురాళ్లు అసలు గోడవి కావనీ, నేల మీద పరిచినవనీ వాదించేవారున్నారు. ఈ విషయం తెలిసి చూస్తే ఆ గోడ ఎందుకంత కొత్తగా ఉందన్న సందేహం తీరుతుంది.

లోపలి దారి 19 మీటర్లు. కొన్నిచోట్ల తల వంచి, భుజం పక్కకు తిప్పి నడవాలి. వీపు సంచి తీసుకెళ్లకూడదు, ఫొటోలు తీయకూడదు. మోకాళ్ల నొప్పులున్నవారు నెమ్మదిగా వెళ్లగలరు గానీ, ఇరుకు చోట్లంటే భయమున్నవారు బయటే ఉండడం మంచిది. ఈ సంగతి పెద్దవాళ్లకు కారులోనే చెప్పేయండి, గుహ ముందు నిలబడి చర్చించుకునే అవకాశముండదు. లోపల గది పైకప్పు సున్నం లేకుండా రాయి మీద రాయి ముందుకు జరిపి పేర్చినది. అది అయిదు వేల ఏళ్లుగా వర్షపు చుక్కను లోపలికి రానివ్వలేదు. ద్వారం పైన ఒక చిన్న కిటికీ వంటి రంధ్రముంది. డిసెంబరు 21 ప్రాంతంలో, ఏడాదిలోకెల్లా చిన్న పగటి రోజున, సూర్యోదయపు కిరణం దాని గుండా దూరి గది నేలను సుమారు 17 నిమిషాలు వెలిగిస్తుంది. 1967లో ఓకెల్లీ దీనిని స్వయంగా చూసి నిర్ధారించారు. ఆ రోజుల్లో లోపల ఉండే అవకాశం లాటరీలో పేరు వచ్చినవారికే. తక్కిన రోజుల్లో గైడ్ దీపాలు ఆర్పి, విద్యుద్దీపంతో ఆ కిరణాన్ని చూపిస్తారు.

భోజనం సందర్శకుల కేంద్రం క్యాంటీన్‌లో కానిచ్చుకోవచ్చు. శాకాహారులు కూరగాయల సూపు కనిపించగానే ఊరట చెందకుండా, అది చికెన్ నీళ్లతో చేసినదా అని అడగాలి. గోధుమ రంగు సోడా రొట్టె, వెన్న మాత్రం నిశ్చింతగా తినవచ్చు. ఇంటి నుంచి పులిహోర పొట్లాలు తెచ్చుకుంటే స్లేన్ గుట్ట మీద గాలి తగలని గోడ వారగా కూర్చుని తినడం ఇంకా బాగుంటుంది.

స్లేన్, ఆ తర్వాత తారా

ఈ రెండింటినీ ఈ వరుసలోనే చూడండి, ఎందుకంటే కథ అదే వరుసలో నడుస్తుంది. స్లేన్ ఊరి నాలుగు రోడ్ల కూడలిలో నాలుగు మూలలా ఒకేలాంటి నాలుగు ఇళ్లున్నాయి. ఒకరంటే ఒకరికి పడని నలుగురు అక్కచెల్లెళ్లు వాటిని కట్టించుకుని, కిటికీల్లోంచి ఒకరి మీద ఒకరు కన్నేసి ఉంచేవారని ఊరివాళ్లు చెబుతారు. నమ్మడం నమ్మకపోవడం మీ ఇష్టం. ఊరి వెనక గుట్ట మీద పాడుబడ్డ మఠం ఉంది. 433లో, తారాలో రాజు మంట వెలిగించే వరకు ఎవరూ నిప్పు రాజేయకూడదన్న ఆజ్ఞను ధిక్కరించి, ఐర్లాండ్‌లో క్రైస్తవాన్ని ప్రచారం చేసిన సెయింట్ పాట్రిక్ ఈస్టర్ మంటను ఇక్కడే వెలిగించాడని ఐతిహ్యం.

ఆ మంటను రాజు చూశాడని చెప్పే చోటు తారా. సాయంత్రం నాలుగు, నాలుగున్నరకు చేరండి. ఐర్లాండ్ మహారాజులతో ముడిపడిన ఈ గుట్ట మీద కోట లేదు, గోడ లేదు; వలయాకారపు మట్టి కట్టలు, నడుమ లియా ఫాల్ అనే నిలువురాయి, ఎక్కడపడితే అక్కడ గొర్రెల పెంటికలు. అందుకే తడి తట్టుకునే బూట్లు వేసుకోమని నా సలహా. అర్హుడైన రాజు తాకితే లియా ఫాల్ కేక వేస్తుందని నమ్మకం. 1843 ఆగస్టులో ఐరిష్ నాయకుడు డానియెల్ ఓకానెల్ బ్రిటన్‌తో విలీనాన్ని రద్దు చేయాలంటూ లక్షలాది జనంతో సభ జరిపింది ఈ గుట్ట మీదే. 1899 నుంచి 1902 వరకు, బైబిలులో చెప్పిన నిబంధన మందసం (పది ఆజ్ఞల పలకలు ఉంచిన పెట్టె) ఇక్కడే పాతి ఉందని నమ్మిన ఒక బ్రిటిష్ బృందం ఒక వలయాన్ని అడ్డదిడ్డంగా తవ్వి పాడుచేసింది, కవి డబ్ల్యూ.బి. యేట్స్ వంటివారు పత్రికల్లో నిరసన తెలిపారు. ఆ తవ్వకం గుంటలను చూపించమని గైడ్‌ను అడగండి. కట్టల మీద నడుస్తూ ఎవరు ఎక్కడ కూర్చునేవారో, ఏ గుట్టలో ఏమి దొరికిందో చెప్పించుకోవడానికి గంటైనా కావాలి.

ట్రిమ్‌లోని నార్మన్ కోటను కూడా ఈ రోజులోనే ఇరికిస్తామని కొందరు ఆపరేటర్లు అంటారు. హ్యూ డి లేసీ మొదలుపెట్టించిన ఆ కోట చూడదగినదే, కానీ దాన్ని చేరిస్తే తారాకు మిగిలేది ఇరవై నిమిషాలు. నేనైతే వద్దంటాను.

పైన చెప్పిన సమయాలు ఏప్రిల్ నుంచి సెప్టెంబరు వరకు సరిపోతాయి. జూన్‌లో రాత్రి పది దాకా వెలుతురుంటుంది; డిసెంబరులో నాలుగుంబావుకే పొద్దు గుంకుతుంది కాబట్టి చలికాలంలో స్లేన్ వదిలేసి, తారాకు మూడింటికల్లా చేరాలి. ఏ నెలలోనైనా వాన జల్లు తప్పదు. గొడుగు గాలికి తిరగబడిపోతుంది; టోపీ ఉన్న వానకోటు తెచ్చుకోండి.

వీసా సంగతి ఒకటి మిగిలింది. ఒకే వీసాతో తిరగగల ఐరోపా దేశాల కూటమి షెంగెన్‌లో ఐర్లాండ్ లేదు, షెంగెన్ వీసాతో అక్కడికి రాలేరు. బోయిన్ లోయ పూర్తిగా ఐర్లాండ్ గణతంత్రంలోనే ఉంది కాబట్టి ఐరిష్ వీసా సరిపోతుంది. కానీ ఇంకా ఉత్తరానికి పోదామని, బెల్‌ఫాస్ట్‌నో జెయింట్స్ కాజ్‌వేనో చేర్చమని గైడ్‌ను అడిగితే, దారిలో తనిఖీ గేటు కనిపించకపోయినా మీరు అడుగుపెట్టేది యునైటెడ్ కింగ్‌డమ్‌లో. భారత పాస్‌పోర్టు ఉన్నవారికి, ఐరిష్ వీసా మీద రెండు దేశాలకూ చెల్లే BIVS ముద్ర లేకపోతే, దానికి వేరే అనుమతి కావాలి. తారా నుంచి తిరుగు దారి ఎం3. సాయంత్రం అయిదున్నర దాటితే ఎం50 కూడలి దగ్గర వాహనాలు బారులు తీరుతాయి. అదే రాత్రి విమానం పెట్టుకున్నవారు ఈ టూర్‌ను ఇంకో రోజుకు మార్చుకోవాలి.