పాపాయికి అరుదైన పేరు – మూడో పాఠం: చెవి నుంచి కాగితం మీదికి

కిందటి పాఠంలో ఇచ్చిన అభ్యాసం పూర్తయిందా? నచ్చిన పేర్లు ఐదు రాసుకుని, ఒక్కోదానికీ నిఘంటువులో అర్థం చూసి, దొరకని పేర్లు పక్కన పెట్టమన్నాను. చాలామందికి రెండో మూడో మిగిలి ఉంటాయి. అవి చాలు, ఈ పాఠానికి అవే ముడిసరుకు.

ముందుకు వెళ్లేముందు ఒక సందేహం తీర్చుకుందాం. నక్షత్రం ప్రకారం వచ్చిన అక్షరంతో పేరు దొరక్కపోతే ఏం చేయాలి? ఇది నిజంగానే వచ్చే ఇబ్బంది. హస్తా నక్షత్రానికి నాలుగు పాదాల అక్షరాలు పూ, ష, ణ, ఠ. వీటిలో మూడోదైన 'ణ'తో మొదలయ్యే పేరు తెలుగులో ఎక్కడ వెతుకుతాం? పెద్దవాళ్లు దీనికి ఎప్పుడో దారి చూపించారు. జన్మనామం వేరు, వ్యవహార నామం వేరు. పూజకూ సంకల్పానికీ ఒకటి, పిలవడానికీ కాగితాలకూ ఇంకొకటి. ఇంటి పురోహితుణ్ని అడిగి మొదటిది తేల్చుకోండి. మన పాఠం రెండోదాని గురించే.

ఈ పాఠం మొత్తానికి ఒకటే సూత్రం: మాట అరుదుగా ఉండాలి, రాత మామూలుగా ఉండాలి. ఈ రోజుల్లో చాలామంది దీన్ని తిరగేస్తున్నారు. పది ఇళ్లలో ఉన్న పేరే తీసుకుని, ఇంగ్లిష్‌లో ఒక 'హెచ్' ఎక్కువ పెట్టి, ఒక 'ఎ'ని రెండు చేసి, అదే కొత్తదనం అనుకుంటున్నారు. పిలిస్తే అందరి పేరులాగే ఉంటుంది, రాస్తే ఎవరికీ రాదు. ఆ పాప పెద్దయ్యాక ప్రతి కౌంటరు దగ్గరా అక్షరం అక్షరం చెప్పుకోవాల్సి వస్తుంది. అదే 'మంజీర' తీసుకోండి. సింగూరు ప్రాజెక్టు కట్టిన నది పేరు, కాలి అందెకూ ఆ పేరే. తరగతిలో ఇంకో అమ్మాయికి ఉండకపోవచ్చు, కానీ ఎవరు విన్నా తప్పు రాయరు. 'మొల్ల' అన్నా అంతే. మల్లె జాతి పువ్వు పేరు, రామాయణం రాసిన కవయిత్రి పేరు, రెండే అక్షరాలు.

మొదటి మెట్టు తెలుగు రాత. ఇది తేలకుండా ఇంగ్లిష్ జోలికి వెళ్లకూడదు. ఎందుకో మా ఇంట్లో జరిగిన సంగతి చెబుతాను.

మా అక్క మనవరాలి బారసాల. పీటల మీద అమ్మానాన్నలు, వాళ్ల ముందు ఇత్తడి పళ్లెం నిండా బియ్యం. నాన్న తన ఉంగరం తీసి, పురోహితుడు చెబుతుంటే బియ్యంలో పేరు రాశాడు. కొత్త బియ్యం, నున్నగా జారుతోంది. ఉంగరం గీసిన గాడి గీసినట్టే పూడిపోతోంది. మొదటి అక్షరం 'అ'నో 'ఆ'నో పళ్లెం చుట్టూ కూర్చున్న మా ఎవరికీ తెలియలేదు. పేరు ఆలేఖ్య. ఆలేఖ్యం అంటే చిత్తరువు, గీసిన బొమ్మ. మా వాళ్లు ముచ్చటపడింది ఆ అర్థానికే. దీర్ఘం తీసేసి అలేఖ్య అంటే రాయడానికి వీలుకానిది అని అర్థం. అదీ చెడ్డ అర్థం కాదు, వర్ణించలేనిది అనుకుని కావాలనే పెట్టుకునేవాళ్లున్నారు. కానీ మనం ఏది పెడుతున్నామో మనకు తెలియాలి కదా! ఆ రోజు ఆహ్వానపత్రికలో దీర్ఘం ఉంది, ఇంగ్లిష్ కాగితంలో ఎ-ఎల్-ఇ-కె-హెచ్-వై-ఎ అని ఇచ్చారు. ఆ ఇంగ్లిష్ చూసి బడి రిజిస్టర్లో తెలుగులోకి తిప్పినవాళ్లు 'అలేఖ్య' అని రాశారు. వాళ్ల తప్పేం లేదు, కాగితంలో ఉన్నదే చదివారు. చిత్తరువు కాస్తా మాయమైపోయింది.

కాబట్టి మీ పేర్లలో మూడుచోట్ల వేలు పెట్టి చూడండి. ఒకటి దీర్ఘాలు: హాసిని అంటే నవ్వేది, 'హసిని' అని రాస్తే ఆ దీర్ఘం మింగేసినట్టే. రెండు, శ ష స. 'ఆశ్రిత' బదులు 'ఆస్రిత' రాసిన శుభలేఖలు నేనే చూశాను. మూడు, వత్తులు. జాహ్నవిలో 'హ'కు 'న' వత్తు, 'న'కు 'హ' వత్తు కాదు. జహ్నుమహర్షి కూతురు కాబట్టి జాహ్నవి, ఆ ముని పేరు తలచుకుంటే మళ్లీ తప్పు రాయరు. అనుమానం వస్తే బ్రౌన్ నిఘంటువో శబ్దరత్నాకరమో తెరవండి. పేర్ల జాబితాలు చూసి మాత్రం రాత తేల్చుకోవద్దు.

రెండో మెట్టు ఇంగ్లిష్ అక్షరాలు. మన అక్షరాలన్నీ ఆ ఇరవై ఆరింటిలో ఇమడవు, అది ముందే ఒప్పుకుందాం. 'ణ'కూ 'ళ'కూ వేరే అక్షరం లేదు, వదిలేయండి. ఎ, ఏ రెండింటికీ ఒకటే 'ఇ'. దానికీ చేయగలిగింది లేదు. చేయగలిగినవి కొన్ని ఉన్నాయి, వాటి దగ్గర ఆగుదాం.

'త' సంగతి. మనం లత, గీత పేర్లకు 'టి' పక్కన 'హెచ్' పెడతాం. ఉత్తరాదిలో ఒట్టి 'టి' చాలు, 'హెచ్' ఉంటే వాళ్లు 'థ' చదువుతారు. మనవాళ్లు ఒట్టి 'టి' చూస్తే 'ట' చదువుతారు. ఏది సరైనది? పాప ఏ ఊళ్లో పెరుగుతుందో ఆ ఊరి అలవాటే సరైనది. హైదరాబాద్‌లోనో విజయవాడలోనో పెరిగే పిల్లకు 'టి హెచ్' పెట్టండి, ఢిల్లీలో పెరిగేదైతే 'టి' చాలు. 'ఋ' కూడా ఇంతే. ధృతి అంటే ధైర్యం, మంచి పేరు, ఎక్కువ వినపడదు. మనం 'రు' అంటాం కాబట్టి 'ఆర్ యు' రాస్తాం, ఉత్తరాదివాళ్లు 'రి' అంటారు కాబట్టి 'ఆర్ ఐ' రాస్తారు. రెండూ కలిపి ఒకే పేరులో 'ఋ' వాళ్ల పద్ధతిలో, 'త' మన పద్ధతిలో రాస్తే మాత్రం ఎవరికీ సరిగ్గా చదవడం రాదు. ఒక పద్ధతి పట్టుకుంటే చివరిదాకా అదే.

'హెచ్' ఎక్కడ తీసేయకూడదో కూడా తెలుసుకోండి. మేధ అనే పేరులో 'డి' తర్వాత 'హెచ్' మరిచిపోతే, చదివేవాళ్లకు అది మేడ అవుతుంది, ఇంకా దిగితే మెడ అవుతుంది. 'ప్రజ్ఞ'లో 'జ్ఞ' కోసం కొందరు 'జె ఎన్' రాస్తారు, కొందరు 'జి ఎన్'. మనం పలికేదానికి 'జి ఎన్' దగ్గర, నేనైతే అదే రాస్తాను. 'ఆలేఖ్య' లాంటి పేరుకు మొదట రెండు 'ఎ'లు పెట్టడం నాకు ఇష్టమే, ఎందుకంటే అక్కడ దీర్ఘం అర్థాన్నే కాపాడుతోంది. న్యూమరాలజీ కోసం పేరు చివర మూడో 'ఎ' తగిలించడం మాత్రం పిల్ల మీద బరువు పెట్టడమే అని నా గట్టి నమ్మకం. నమ్మకం ఉన్నవాళ్లు జన్మనామానికి ఎన్ని లెక్కలైనా చూసుకోవచ్చు, కాగితాల మీది పేరును వదిలేయండి.

మూడో మెట్టు పరీక్ష. ఇది ఒక్క సాయంత్రం పని. దూరపు బంధువు ఒకరికి ఫోన్ చేసి, పేరు ఒక్కసారే చెప్పి, తెలుగులో రాసి ఫొటో తీసి పంపమనండి. తర్వాత ఆ పేరు ఎప్పుడూ వినని మనిషికి ఇంగ్లిష్ స్పెల్లింగ్ చూపించి చదివించండి. ఆఖరున మీరే వరండాలో నిలబడి, వీధి చివర ఆడుకుంటున్న పిల్లను పిలిచినట్టు గట్టిగా పిలవండి. తెలుగు పిలుపులో చివరి అచ్చు సాగుతుంది: మంజీరా! ధృతీ! సాగదీస్తే పేరు అందంగా ఉందా, నోరు తడబడుతోందా? అప్పుడే ముద్దుపేరు కూడా వినిపిస్తుంది. ఆలేఖ్యను బడిలో ఆలూ అంటారని మాకు అప్పుడు తట్టలేదు. ఇంట్లో ముందే 'లేఖ' అని అలవాటు చేసి ఉంటే సరిపోయేది.

కాగితాల టెన్షన్ గురించి ఒక్కమాట. ఇరవై ఒకటో రోజున బారసాల చేసే ఇళ్లలో ఒక అయోమయం ఉంది, ఎందుకంటే జననం నమోదుకు చట్టం ఇచ్చిన గడువు కూడా 21 రోజులే. ఆ గడువు పుట్టుకను తెలియజేయడానికి, పేరు చెప్పడానికి కాదు. ఆసుపత్రిలో పుడితే వివరాలు వాళ్లే పంపుతారు, పేరు గడి ఖాళీగా వదిలేయొచ్చు. నమోదైన ఏడాదిలోపు రుసుం లేకుండా పేరు చేర్పించుకోవచ్చు, ఆ తర్వాత పదిహేనేళ్లదాకా ఆలస్య రుసుంతో వీలుంది. డిశ్చార్జ్ హడావుడిలో ఎవరో అడిగారని నోటికొచ్చిన స్పెల్లింగ్ చెప్పకండి. 2023 అక్టోబరు 1 నుంచి పుట్టిన పిల్లలకు బడిలో చేరడం మొదలు పాస్‌పోర్టు దాకా పుట్టిన తేదీకి జనన ధ్రువీకరణ పత్రమే ఆధారం. అందులో పడ్డ అక్షరమే ఆధార్‌లోకి, బడి రిజిస్టర్‌లోకి, పదో తరగతి మెమోలోకి నడుస్తుంది.

ఈ వారం అభ్యాసం. మిగిలిన పేర్లు ఒక్కోదానికి ఒక చీటీ తీసుకోండి. పైన తెలుగులో, కింద ఇంగ్లిష్‌లో పెద్ద అక్షరాలతో, దాని కింద ఒక్క ముక్కలో అర్థం రాయండి. మూడు పరీక్షలూ చేసి, తప్పిన చీటీలు చించేయండి. వచ్చే పాఠంలో ఇంటిపేరు ముందుండాలా వెనకుండాలా, పొడి అక్షరంగా ఉంచాలా పూర్తిగా రాయాలా అన్నది చూద్దాం. ఈలోపే మీ ఇంట్లో బారసాల ఉంటే, నెగ్గిన చీటీ ఇప్పుడే పాప నాన్న జేబులో పెట్టండి, బియ్యంలో రాసేటప్పుడు దాన్ని చూసే రాయాలి.