ఇంటి వర్క్‌షాప్‌కు భారీ మెషిన్లు చవకగా కొనడం ఎలా?

భారీ పనిముట్ల దగ్గర చవక బేరం అన్నది ధరను బట్టి తేలదు. ఏ లోపాన్ని ఇంట్లో బాగుచేసుకోవచ్చో, ఏ లోపానికి మందే లేదో తెలిసినవాళ్లకే అది దక్కుతుంది. తుప్పు పట్టి, బెల్టు తెగి, మోటారు కాలిన డ్రిల్లింగ్ మెషిన్‌ను చూసి పదిమంది ముఖం తిప్పుకుంటారు. దాని పోత భాగాలు, స్పిండిల్ (బిట్‌ను తిప్పే ఇరుసు) బాగుంటే కొనాల్సింది దాన్నే. అమ్మకానికి ముందు కొత్త రంగు పూసి మెరిపించిన మెషిన్ దగ్గరే నాకు అనుమానం ఎక్కువ.

1. ముందు పనుల చీటీ రాసుకోండి

వచ్చే ఏడాదిలో నిజంగా చేయబోయే పనులు రాయండి. ఎంత మందం ఇనుము వెల్డింగ్ చేయాలి, ఎంత పెద్ద రంధ్రం వేయాలి, ఎంత పొడవు ముక్కను లేత్ (ముక్కను తిప్పుతూ చెక్కే మెషిన్) మీద పెట్టాలి అన్న కొలతలతో సహా. తరచూ వాడేది కొనండి, ఏడాదికోసారి వాడేది అద్దెకు తెచ్చుకోండి. ఈ చీటీ జేబులో లేకుండా వేలానికి వెళితే, చవగ్గా వచ్చిందన్న ఒక్క కారణంతో అక్కర్లేని ఇనుమంతా ఇల్లు చేరుతుంది.

2. కరెంటు సంగతి తేల్చుకోండి

ఫ్యాక్టరీల నుంచి బయటికొచ్చే మెషిన్లలో చాలావాటికి త్రీ ఫేజ్ మోటార్లు ఉంటాయి. ఇళ్లలో ఎక్కువగా ఉండేది సింగిల్ ఫేజ్. అందుకే ఇంటి కోసం కొనేవాళ్లు వాటి జోలికి పోరు, ధర పడిపోతుంది. మీకు సందు దొరికేది సరిగ్గా ఇక్కడే. వీఎఫ్‌డీ అనే పరికరం పెడితే సింగిల్ ఫేజ్ తీసుకుని మోటారుకు త్రీ ఫేజ్ ఇస్తుంది, పైగా వేగం కూడా మార్చుకోవచ్చు.

అయితే మోటారు మీదున్న నేమ్‌ప్లేట్ చదవకుండా డబ్బు ఇవ్వకండి. దాని మీద 230/400 వోల్టులు అని ఉంటే, డెల్టా కనెక్షన్ (మోటారు తీగచుట్లను త్రికోణంలా కలపడం) ఇచ్చి 230 వోల్టుల వీఎఫ్‌డీతో నడపవచ్చు. 400/690 అని ఉంటే అదే వీఎఫ్‌డీతో పూర్తి బలం రాదు, మోటారు మార్చే ఖర్చు కూడా లెక్కలో వేసుకోవాలి. 3 హెచ్‌పీ (హార్స్‌పవర్) దాటాక సింగిల్ ఫేజ్ మీద పనిచేసే వీఎఫ్‌డీలు తగ్గిపోతాయి, ధర పెరుగుతుంది. కాబట్టి ఇంటికి ఆ లోపు మోటారే మంచిది. వైరింగ్ మాత్రం తెలిసిన ఎలక్ట్రీషియన్‌తోనే చేయించండి.

కొత్త పనిముట్ల డబ్బాల మీద ‘పీక్ హెచ్‌పీ’ అని ఊరించే అంకెను పట్టించుకోకండి. ఒక హెచ్‌పీ అంటే 746 వాట్లు. 230 వోల్టుల మీద 10 ఆంపియర్లు తీసుకునే పనిముట్టు లైన్ నుంచి లాగేదే 2,300 వాట్లు. అందులో కొంత వేడిగా పోతుంది కాబట్టి 3 హెచ్‌పీ కూడా చేతికి రాదు. డబ్బా ఎంత గొప్పలు చెప్పినా సరే.

3. ఎక్కడ వెతకాలి

మూతపడే కార్ఖానాల వేలాలు, పాత సామాను తీసేసే శిక్షణ సంస్థలు, ఏటా కొంత స్టాకు మార్చే అద్దె కంపెనీలు, పాత ఇనుము వ్యాపారులు, షెడ్డు ఖాళీ చేస్తున్న రిటైరైన పనివాళ్లు. నన్నడిగితే వీళ్లలో చివరివాళ్ల దగ్గరికే ముందు వెళ్లాలి. మెషిన్‌తో పాటు దాని చక్‌లు (ముక్కను లేదా బిట్‌ను పట్టి ఉంచే బిగింపులు), కట్టర్లు, పానాలు, ఒక్కోసారి మాన్యువల్ కూడా ఇస్తారు. ఎక్కడ కిర్రుమంటుందో కూడా దాచకుండా చెబుతారు. కొత్త సరుకే కావాలంటే ప్రదర్శనలో పెట్టినవి, డబ్బా తెరిచి వెనక్కి వచ్చినవి, తయారీ కంపెనీయే బాగుచేసి వారంటీతో అమ్మేవి అడగండి.

వేలంలో పాడిన ధరతో పని అయిపోదు. దాని మీద వేలం సంస్థ కమీషన్, పన్ను, లోడింగ్ ఖర్చు ఉంటాయి. గడువులోగా తీసుకెళ్లకపోతే జరిమానా కూడా పడవచ్చు. మీరు పెట్టగలిగే మొత్తంలోంచి ఇవన్నీ ముందే తీసేసి, మిగిలినదే మీ ఆఖరి పాట అనుకోండి. సరుకు చూసుకోవడానికి ఇచ్చే రోజున వెళ్లలేకపోతే పాటలో దిగకపోవడమే మేలు.

4. చేత్తో పట్టి చూడండి

టార్చి, చిన్న అద్దం, పాత గుడ్డ, వీలైతే డయల్ గేజ్ (సన్నని కదలికను ముల్లుతో చూపే కొలత పరికరం) తీసుకెళ్లండి.

లేత్‌లో ప్రాణమంతా బెడ్‌లో, అంటే మిగతా భాగాలు జారే పొడవాటి పట్టాల్లో ఉంటుంది. ఎక్కువ పని హెడ్‌స్టాక్ (ముక్కను తిప్పే తలభాగం) పక్కనే జరుగుతుంది కాబట్టి అరుగుదల కూడా అక్కడే. క్యారేజ్‌ను (కోసే పనిముట్టును మోసే భాగాన్ని) అక్కడికి తెచ్చి, కదలనిచ్చేంత బిగువుగా లాక్ బిగించండి. చక్రం తిప్పుతూ టెయిల్‌స్టాక్ (అవతలి చివర ఆధారం) వైపు పోనివ్వండి. దారంతా ఒకేలా కదిలితే సంతోషం. చివరికొచ్చేసరికి పట్టేస్తే బెడ్ అరిగినట్టే, దాన్ని మళ్లీ గ్రైండింగ్ చేయించడం చిన్న ఖర్చు కాదు. థ్రెడింగ్‌కు (మరచుట్లు కోయడానికి) వాడే చేంజ్ గేర్లు, చక్ తాళం ఉన్నాయో లేదో లెక్కపెట్టండి. పాత మోడళ్లకు అవి విడిగా దొరకడం కష్టం.

డ్రిల్లింగ్ మెషిన్‌లో స్పిండిల్‌ను పూర్తిగా కిందికి దించి, చక్ పట్టుకుని పక్కలకు ఊపండి. చేతికి కదలిక తెలిస్తే క్విల్ (స్పిండిల్‌తో పాటు కిందికి దిగే గొట్టం) అరిగింది, వదిలేయండి. కదలిక లేదు, తిప్పితే మాత్రం గరగరమంటోంది అంటే తప్పు బేరింగులదే అయ్యుండవచ్చు. వాటిలో చాలావరకు 6203 లాంటి ప్రామాణిక నంబర్లవే, ఏ బేరింగ్ షాపులోనైనా దొరుకుతాయి. అమ్మేవాడికి ఆ శబ్దం భయంగా ఉంటే మీకది లాభమే.

బెంచ్ వైస్‌ను గుడ్డతో తుడిచి పగుళ్లు, వెల్డింగ్ అతుకులు వెతకండి. పోత ఇనుముకు వేసిన అతుకును నమ్మి సుత్తి దెబ్బలు వేయలేం. అరిగిన దవడ పలకలైతే మరలు విప్పి మార్చుకోవచ్చు. దాగలి (కమ్మరి ఇనుప దిమ్మె) కొనేటప్పుడు బేరింగ్ గుండును 25 సెం.మీ. ఎత్తు నుంచి దాని మీద వదలండి. 20 సెం.మీ. దాకా ఎగిరితే మంచి ఉక్కు, చచ్చినట్టు పడితే పోత ఇనుము.

వెల్డింగ్ మెషిన్‌పై ఆంపియర్లతో పాటు డ్యూటీ సైకిల్ చదవండి. 200 ఆంపియర్లకు 60% అంటే పది నిమిషాల్లో ఆరు నిమిషాలే ఆ కరెంటుతో వాడాలి, మిగతా నాలుగు దాన్ని చల్లారనివ్వాలి. చవక మెషిన్లు వెనకబడేది ఈ అంకెలోనే.

కంప్రెసర్ ట్యాంకు విషయంలో మాత్రం రాజీ వద్దు. అడుగునున్న డ్రెయిన్ వాల్వ్ తెరిచి చూడండి. ఎర్రటి తుప్పు నీళ్లు, పొలుసులు వస్తే లోపల గోడ పలచబడుతున్నట్టే. అతుకు వేసిన ట్యాంకు ఊరికే ఇచ్చినా తీసుకోకండి, అది పేలితే మనుషులు పోతారు. గ్రైండింగ్ రాయిని విప్పి, వేలాడదీసి, చెక్క పిడితో తట్టండి. ఖంగుమనకుండా మొద్దుగా పలికితే పగులు ఉన్నట్టే. లాటుగా అమ్మే కటింగ్ డిస్కులకైతే మధ్యనున్న లోహపు రింగు మీద గడువు తేదీ ఉంటుంది, అది చూడండి.

పైపైన తుప్పు చూసి భయపడకండి, ధర తగ్గించమనడానికి అదొక సాకు. గోరు దిగేంత గుంటలు పడితేనే ఆలోచించాలి.

5. బ్యాటరీ పనిముట్లు

ఇక్కడ ఖరీదంతా బ్యాటరీదే. పాత బ్యాటరీ కంపెనీ ఆపేసి ఉంటే డ్రిల్లు ఎంత తక్కువకు వచ్చినా నష్టమే. ఒకే బ్యాటరీ కుటుంబంలో ఉండి, బ్యాటరీ లేని పనిముట్లు కొనుక్కుంటూ పోవడం మంచిది. 18 వోల్టులు, ‘20 వోల్ట్ మ్యాక్స్’ అన్న రెండూ ఐదు లిథియం సెల్స్ వరుసే. ఆ తేడాకు ఎక్కువ ఇవ్వకండి.

6. బేరం, రవాణా

కరెంటు ఇచ్చి తిప్పి చూపించమనండి. కుదరదంటే మోటారు పోయిందనుకునే ధర చెప్పండి. సీరియల్ నంబరు గీకేసి ఉంటే దొంగ సరుకు కావచ్చు, బేరం కూడా మొదలుపెట్టకండి. మీరు కనిపెట్టిన లోపాలను ఒక్కొక్కటిగా, విడిభాగం ధరతో సహా చెప్పండి. నగదు, వెంటనే తీసుకెళ్లే బండి ఉన్నాయంటే షెడ్డు ఖాళీ చేయాలనుకునేవాళ్లు దిగివస్తారు.

లేత్‌కు తల బరువు, తేలిగ్గా ఒరిగిపోతుంది. ఎత్తేముందు క్యారేజ్, టెయిల్‌స్టాక్‌లను బరువు సమంగా ఉండేలా జరిపి లాక్ చేయండి. పట్టీలు లీడ్ స్క్రూ (క్యారేజ్‌ను నడిపే పొడవాటి మర) మీద పడకుండా చూడండి, వంగిందంటే బేరం అక్కడితో సరి. ఇంటికొచ్చాక పాత నూనె తీసి కొత్తది పోసి, గార్డులు, ఎర్తింగ్ సరిచూసి, మొదట అతి తక్కువ వేగంలో తిప్పండి.