రేడియో విమానం నేర్చుకుందాం – 4వ పాఠం: ఇంజన్, దానికి కావలసిన సరంజామా

గత పాఠంలో 60 అంగుళాల రెక్క ఉన్న ట్రైనర్ (కొత్తవాళ్లు నేర్చుకునే విమానం) దగ్గర ఆగాం. పైరెక్క విమానం, మూడు చక్రాలు, అన్నీ బిగించాక దాదాపు రెండున్నర కిలోల బరువు. ఇప్పుడు దాని ముక్కుకు ఏం తగిలించాలో చూద్దాం.

కరెంటు మోటారు పెట్టుకోకూడదా అంటే, హాయిగా పెట్టుకోవచ్చు. కిలోకు 200 వాట్ల లెక్కన 500 వాట్ల మోటారు, దానికి తగ్గ ఇఎస్‌సి (మోటారు వేగాన్ని అదుపు చేసే పరికరం), 4 సెల్లుల లైపో బ్యాటరీ ఉంటే చాలు. చేతికి జిడ్డు అంటదు, చెవులకు మోత ఉండదు. దాని సంగతి వేరే పాఠంలో వస్తుంది. ఇంజన్ మోత వింటేనే విమానం ఎగరేసినట్టు ఉంటుందనేవాళ్ల కోసం ఈ పాఠం.

ఇంజన్ మీద 25, 40, 46 అని అంకె ఉంటుంది. అది క్యూబిక్ అంగుళంలో నూరో వంతుల లెక్క. 40 అంటే 6.5 సీసీ, 46 అంటే 7.5 సీసీ. మన ట్రైనర్‌కు ఈ రెండిట్లో ఏదైనా సరిపోతుంది. 60 సైజు పెడితే ఇంకా బాగా ఎగురుతుందేమో అనిపిస్తుంది కానీ ముక్కు బరువెక్కి, దిగేటప్పుడు వేగం తగ్గక కొత్తవాళ్లకు టెన్షన్ పెరుగుతుంది. ఫోర్ స్ట్రోక్ జోలికి ఇప్పుడే వద్దు. ధర ఎక్కువ, వాల్వుల సందు సరిచూసుకోవడం అదనపు పని.

మొదటి ఇంజన్‌లో చూడాల్సింది బలం కాదు, నిలకడ. థ్రాటిల్ పూర్తిగా తగ్గించినా ఆగకుండా నెమ్మదిగా తిరుగుతూ ఉండాలి, మళ్లీ పెంచితే తడబడకుండా అందుకోవాలి. గాలిలో ఇంజన్ ఆగిపోవడాన్ని డెడ్ స్టిక్ అంటారు. నేర్చుకునేవాడి విమానం పొలం గట్టుకు కొట్టుకునేది ఎక్కువగా అప్పుడే.

అంగడిలో రెండు రకాలు కనిపిస్తాయి: క్రాంక్‌షాఫ్ట్ బుష్ (నున్నటి లోహపు గొట్టం) మీద తిరిగేవి, బాల్ బేరింగ్ మీద తిరిగేవి. ఓ.ఎస్. 40 ఎల్ఏ, థండర్ టైగర్ జీపీ 42 బుష్ రకం. ఓ.ఎస్. 46 ఏఎక్స్, థండర్ టైగర్ ప్రో 46 బేరింగ్ రకం. బేరింగ్ ఇంజన్‌కు బలం ఎక్కువ, అందరూ అదే కొనమంటారు. నా మాట వేరు. మైపాడు, కొత్తపట్నం లాంటి సముద్రపు ఒడ్డున ఎగరేసేవాళ్లు బుష్ ఇంజన్‌తో మొదలుపెట్టడం మేలు. మిథనాల్ గాలిలో తేమను లాక్కుంటుంది. ఎగరేశాక లోపల మిగిలిన ఇంధనాన్ని కాల్చేయకుండా ఇంజన్‌ను అటకెక్కిస్తే బేరింగులు తుప్పు పడతాయి. బుష్‌లో తుప్పు పట్టే గుండ్లు లేవు. పైగా ఎల్ఏ ఇంజన్లలో నీడిల్ (ఇంధనం ఎంత వెళ్లాలో సరిచేసే మర) వెనకవైపు ఉంటుంది, ఫ్యాన్‌కు (ప్రొపెల్లర్‌కు) దూరంగా. వేళ్లకు అది చాలా మంచిది.

పాత ఇంజన్ దొరికితే కొనే ముందు చేత్తో తిప్పి చూడండి. గరగరమంటే బేరింగ్ పోయినట్టు. అసలు తిరగకపోతే ఎండిన ఆముదం పట్టేసి ఉండొచ్చు. బలవంతం చేయకుండా వేడిగాలితో వెచ్చబెడితే వదులుతుంది. కొత్త ఏబీసీ ఇంజన్ (అల్యూమినియం పిస్టన్, క్రోమ్ పూసిన ఇత్తడి సిలిండర్ ఉన్నది) పిస్టన్ పైకొసకు వచ్చినప్పుడు బిగుతుగా పట్టుకున్నట్టు ఉంటే భయపడకండి, దాన్ని చేసిన తీరే అంత. వేడెక్కి సిలిండర్ గొట్టం వ్యాకోచించాక సరిపోతుంది.

ఇక ఇంధనం. పాత లూనాకు పెట్రోల్లో ఆయిల్ కలిపినట్టే ఇక్కడ మిథనాల్‌లో ఆముదం కలుపుతాం. లీటరుకు 800 మిల్లీలీటర్ల మిథనాల్, 200 మిల్లీలీటర్ల ఆముదం. నైట్రోమీథేన్ 5 నుంచి 10 శాతం ఉంటే నెమ్మది పరుగు ఇంకా బాగుంటుంది, దొరక్కపోతే లేకుండానే నడుస్తుంది. ఆముదం మాత్రం మందుల షాపులో దొరికే శుద్ధమైనదే కావాలి. తలకు రాసుకునే వాసన నూనె, ఇంట్లో గింజలు కాచి తీసింది వద్దు. కాచినదాంట్లో తడి మిగిలిపోవచ్చు. బుష్ ఇంజన్‌కు ఆముదం 20 శాతం కంటే తగ్గించకండి.

మిథనాల్‌తో చెలగాటం వద్దు. కల్తీ సారా తాగి చూపు పోవడానికి, ప్రాణాలు పోవడానికి కారణం ఇదే. దాని మంట పగటి వెలుతురులో కంటికి కనిపించదు. లైసెన్సు ఉన్న కెమికల్ షాపులోనే కొనండి, డబ్బా మీద విషం అని రాయండి, నోటితో పీల్చి పైపులోకి లాగకండి, పిల్లలకు అందనివ్వకండి. ఎగరేసే చోట బకెట్ నీళ్లు దగ్గర పెట్టుకోండి.

సిలిండర్‌లో ఇంధనాన్ని అంటించేది గ్లో ప్లగ్. మధ్యరకం వేడిది కొనండి, విడిగా రెండు దగ్గర ఉంచుకోండి. దానిలోని ప్లాటినం తీగను వెలిగించడానికి 1.2 నుంచి 1.5 వోల్టులు చాలు. బైక్ బ్యాటరీకి తగిలించారో, 12 వోల్టుల దెబ్బకు ఆ క్షణమే తీగ మాడిపోతుంది.

ఫ్యాన్ విషయానికొస్తే 40కి 10x6, 46కి 11x5 లేదా 11x6. మొదటి అంకె వ్యాసం, రెండోది ఒక చుట్టులో ముందుకు సాగే దూరం, రెండూ అంగుళాల్లోనే. కోసిన వరి మళ్లలో దిగేటప్పుడు గట్టు తగిలి ఫ్యాన్లు విరుగుతూనే ఉంటాయి కాబట్టి ఒకేసారి మూడు నాలుగు కొనడం మంచిది. బ్యాలెన్సర్ మీద రెండు కొసలూ సమంగా నిలవాలి. పగులు ఉన్నదాన్ని అతికించి వాడటం ప్రాణాంతకం.

స్టార్టర్ మోటారు ఇప్పుడే వద్దు. ఇంధనం ఎక్కువై సిలిండర్ నిండిపోయినప్పుడు స్టార్టర్‌తో బలవంతంగా తిప్పితే కనెక్టింగ్ రాడ్ వంగుతుంది. రబ్బరు గొట్టం తొడిగిన కర్రతో తిప్పండి, ఇంజన్ బిగుసుకుంటే చేతికి తెలుస్తుంది.

అసలు శ్రద్ధ పెట్టాల్సింది ట్యాంకు మీద. ఇంజన్ మాటిమాటికీ ఆగిపోతోందని దాన్ని తిట్టుకునేవాళ్లలో చాలామందికి తప్పు ట్యాంకు దగ్గరే ఉంటుంది. 250 నుంచి 300 మిల్లీలీటర్ల ట్యాంకు, దాని మధ్యగీత కార్బ్యురేటర్ జెట్‌కు సమంగా, లేదంటే ఒక పిసరు కిందగా ఉండాలి. ఎత్తుగా పెడితే ఇంధనం ఇంజన్‌లోకి కారిపోతుంది. బాగా దిగువన పెడితే విమానం ముక్కు పైకెత్తిన ప్రతిసారీ ఇంజన్‌కు ఇంధనం చాలదు. ట్యాంకు లోపల ఇంధనం లాగే మెత్తని గొట్టం కొసన ఉండే బరువు గుండు అన్ని వైపులా కదలాలి, వెనక గోడకు మాత్రం అంటకూడదు. ట్యాంకు చుట్టూ మెత్తని ఫోమ్ చుట్టండి, లేకపోతే అదురుకు ఇంధనం నురగ కడుతుంది. సైలెన్సర్ నుంచి ఒక గొట్టం ట్యాంకుకు తగిలిస్తే లోపల ఒత్తిడి సమంగా నిలుస్తుంది. గొట్టాలు సిలికాన్‌వి వాడండి. గ్లో ఇంధనానికి అవే సరైనవి, పెట్రోలుకు పనికిరావు.

చీమకుర్తి వైపు క్వారీ దుమ్ము, తీరంలో ఇసుక. ఈ ఇంజన్లకు గాలి ఫిల్టర్ ఉండదు కాబట్టి స్టార్ట్ చేసే చోట పట్టా పరవండి. ఇంధనపు గొట్టంలో చిన్న ఫిల్టర్ తప్పనిసరి.

వచ్చే పాఠంలో ఇంజన్‌ను బల్లకు బిగించి మొదటి ట్యాంకు కాలుద్దాం. ఆ లోపు ఒక పని చేయండి. కొత్త ట్యాంకు గొట్టాలన్నీ మూసి, ఒకదాంట్లోంచి మాత్రం గాలి ఊదుతూ బకెట్ నీళ్లలో ముంచండి. మూత దగ్గర బుడగలు వస్తే స్క్రూ ఇంకాస్త బిగించి మళ్లీ చూడండి.