మూర్ఛకు మరో డాక్టరు అభిప్రాయం తీసుకోవాలనుకునేవారికి

విజయవాడ సూర్యారావుపేటలోనో గుంటూరు కొత్తపేటలోనో మూర్ఛకు మందులు వాడుతున్న కుటుంబాల్లో, మరో డాక్టరుకు చూపించాలన్న మాట ఎక్కువగా రెండు సందర్భాల్లో వస్తుంది. మందులు మానకుండా వేసుకుంటున్నా ఫిట్స్ ఆగకపోవడం మొదటిది. ఇంట్లో పెళ్లి సంబంధాలు చూడటం మొదలుకావడం రెండోది. మొదటిది సరైన కారణమే. రెండోదానిలోనూ డాక్టరును అడగవలసిన మంచి ప్రశ్నలు కొన్ని ఉన్నాయి గాని, "ఇది మూర్ఛ కాదు" అని రాసిచ్చేవారి కోసం ఆస్పత్రులు తిరగడం అభిప్రాయం తీసుకోవడం అనిపించుకోదు. పదేపదే మూర్ఛ వచ్చేవారి వివాహానికి అడ్డుగా ఉన్న మాటను హిందూ వివాహ చట్టం నుంచి 1999లోనే తొలగించారు. దాచిపెట్టి చేసిన పెళ్లిళ్లలోనే తర్వాత తగాదాలు ఎక్కువ.

మూర్ఛ ఉన్నవారిలో దాదాపు మూడింట రెండు వంతుల మందికి మందులతోనే ఫిట్స్ అదుపులోకి వస్తాయి. తగిన మందులను తగిన మోతాదులో, ఒకదాని తర్వాత ఒకటిగా గాని కలిపి గాని, రెండింటిని వాడి చూసినా ఫిట్స్ ఆగకపోతే దానిని మందులకు లొంగని మూర్ఛగా పరిగణించాలని అంతర్జాతీయ మూర్ఛ వ్యాధి నివారణ సంఘం 2010లో నిర్వచించింది. ఆ దశకు చేరినవారికి మూడో మందుతోనో నాలుగో మందుతోనో పూర్తిగా తగ్గే అవకాశం బాగా తక్కువ. కాబట్టి పక్కవీధిలోని ఇంకో క్లినిక్కుకు వెళ్లడం కంటే, మూర్ఛకు ప్రత్యేక విభాగం ఉన్న చోటికి వెళ్లడం మేలు. అసలు జబ్బు మూర్ఛేనా అన్న అనుమానం ఉన్నప్పుడు, మందుల వల్ల మగత, కోపం, జ్ఞాపకశక్తి తగ్గడం వంటివి భరించలేనంతగా ఉన్నప్పుడు, ఆపరేషన్ మాట వచ్చినప్పుడు, కొన్నేళ్లుగా ఫిట్స్ లేనందున మందులు ఆపాలనుకుంటున్నప్పుడు కూడా రెండో అభిప్రాయం అవసరమే. పిల్లల్ని కనే వయసులో ఉన్న స్త్రీ వాల్‌ప్రోయేట్ అనే మూర్ఛ మందు వాడుతున్నట్లయితే ఆలస్యం చేయకూడదు. గర్భిణి ఆ మందు వాడితే పుట్టే బిడ్డల్లో నూటికి సుమారు 10 మందికి పుట్టుకతో వచ్చే లోపాలు, 30 నుంచి 40 మందికి ఎదుగుదలలో ఇబ్బందులు కనిపిస్తాయని తేలింది. అలాగని డాక్టరుకు చెప్పకుండా ఆ మాత్రను మానేయడం తల్లికీ బిడ్డకీ ప్రమాదమే.

బయలుదేరే ముందు ఇంట్లోనే తేల్చుకోవలసినది ఒకటుంది. ఫిట్స్ వచ్చిన ప్రతిసారికీ ముందు రెండు రోజుల్లో ఏం జరిగిందో గుర్తు చేసుకోవాలి. మాత్ర మరిచిపోవడం, మందుల షాపులో వేరే కంపెనీది ఇవ్వడం, జ్వరం, మద్యం, కోటప్పకొండ తిరునాళ్లకు వెళ్లి శివరాత్రి జాగరణ చేయడం, పరీక్షల ముందు రాత్రంతా మేలుకోవడం వంటివి ఉంటే, తప్పు మందుదో వాడకానిదో అక్కడే తెలిసిపోతుంది.

ఇక కాగితాల సంగతి. రిపోర్టు కాగితం ఒక్కటే చాలదు. ఎంఆర్ఐ ఫిల్ములు, వాటి సీడీ, ఈఈజీ (మెదడులోని విద్యుత్ సంకేతాలను నమోదు చేసే పరీక్ష) గీతలు ఉన్న అసలు కాగితాలు, రక్తపరీక్షలు, డిశ్చార్జి సమ్మరీలు అన్నీ తేదీల వరుసలో పెట్టుకోవాలి. రెండో డాక్టరు చూడవలసింది మొదటి డాక్టరు రాసిన ముగింపును కాదు, ఆ ముగింపుకు ఆధారమైన బొమ్మను. ఆస్పత్రిలో చేరి చికిత్స పొందినవారి రికార్డులను 3 సంవత్సరాలు భద్రపరచాలనీ, రోగి అడిగితే 72 గంటల్లో ఇవ్వాలనీ భారత వైద్య మండలి 2002 నిబంధనలు చెబుతున్నాయి. జాతీయ మానవ హక్కుల సంఘం 2018లో రూపొందించిన రోగుల హక్కుల పత్రంలో రెండో అభిప్రాయం తీసుకునే హక్కు కూడా ఉంది. కౌంటరులో నోటితో అడిగినప్పుడు రేపు రమ్మంటే, తేదీ వేసి ఒక అర్జీ రాసిచ్చి, దాని నకలు మీద సంతకం తీసుకోవాలి.

వీటన్నిటికంటే ఉపయోగపడేది మీరు చేతితో రాసుకునే ఒక్క పేజీ. ఇప్పటివరకు వాడిన ప్రతి మందు పేరు, రోజుకు ఎన్ని మిల్లీగ్రాముల దాకా వెళ్లారు, ఎన్నాళ్లు వాడారు, ఎందుకు ఆపారు అన్నవి వరుసగా రాయాలి. "లెవెటిరాసిటమ్, రోజుకు 1000 మిల్లీగ్రాములు, 8 నెలలు, చిరాకు పెరగడంతో మార్చారు" అన్న ఒక్క వాక్యం చాలా సమయాన్ని మిగులుస్తుంది. తక్కువ డోసులో కొద్దివారాలు వాడి మానేసిన మందును పనిచేయని మందుల లెక్కలో వేయరు. ఆ తేడా మోతాదు రాస్తేనే తెలుస్తుంది.

మూర్ఛ నిర్ధారణకు అన్నిటికంటే బలమైన ఆధారం కళ్లారా చూసినవారి మాటే. ఫిట్స్ వచ్చిన మనిషికి ఆ సమయంలో ఏం జరిగిందో సాధారణంగా గుర్తుండదు. కాబట్టి చూసిన అమ్మనో, భార్యనో, హాస్టల్లో పక్క మంచం స్నేహితుణ్నో వెంట తీసుకెళ్లాలి, రాలేకపోతే ఫోన్లోనైనా మాట్లాడించాలి. డాక్టరుగారు అడిగేవి చిన్న విషయాలే: ముందు తల ఏ పక్కకు తిరిగింది, కుదుపు ఏ చేతితో మొదలైంది, కళ్లు తెరిచి ఉన్నాయా మూసుకున్నాయా, నాలుక పక్కభాగం తెగిందా, తెలివి వచ్చాక మాట ఎంతసేపటికి కుదుటపడింది. "కొట్టుకున్నాడండీ" అన్న మాటతో ఇవేవీ తెలియవు. ఇంట్లో ఒకరు రోగిని పక్కకు తిప్పి పడుకోబెట్టి తల కింద మెత్తనిది పెడుతుండగా, రెండోవారు సెల్‌ఫోన్‌తో వీడియో తీయాలి. ముఖం, రెండు చేతులు, రెండు కాళ్లు ఒకే చట్రంలో కనబడేంత దూరంలో నిలబడి, లైటు వేసి, కప్పిన దుప్పటి తీసేసి, మధ్యలో పేరు పెట్టి పిలిచి పలుకుతున్నారేమో చూడాలి. కుదుపులు ఆగిన తర్వాత కూడా రెండు నిమిషాలు ఆపకూడదు. తాళాల గుత్తి చేతిలో పెట్టడానికి పరుగెత్తేవారికి ఈ వీడియో పని అప్పగిస్తే ఇద్దరికీ మంచిది.

అంత దూరం వెళ్లాక "ఈఈజీ నార్మల్ అన్నారు, అంటే మూర్ఛ లేనట్టేనా" అని అడిగేవారు చాలామంది. ఒక్కసారి తీసిన మామూలు ఈఈజీ నార్మల్‌గా వచ్చినంత మాత్రాన మూర్ఛ లేదని కాదు. నిద్ర తగ్గించి మళ్లీ తీయించడమో, ఆస్పత్రిలో ఉంచి, రోగిని వీడియో తీస్తూనే ఈఈజీ కూడా నమోదు చేసే వీడియో ఈఈజీ చేయడమో అవసరం కావచ్చు. మూర్ఛలాగే కనిపించే స్పృహతప్పడాలు, మానసిక ఒత్తిడితో వచ్చే కుదుపులు ఏళ్ల తరబడి మూర్ఛ మందులతో గడిచిపోతుంటాయి. వాటిని వీడియో ఈఈజీయే తేటతెల్లం చేస్తుంది. ఎంఆర్ఐ కూడా మూర్ఛ కోసమే ఉద్దేశించిన పద్ధతిలో, సన్నని పొరలుగా తీశారా అని అడగండి. తలనొప్పికి తీసే మామూలు స్కానులో మెదడు పైపొరలోని చిన్న లోపాలు దొరక్కపోవచ్చు.

ఎక్కడికి వెళ్లాలన్నది ప్రశ్నను బట్టి ఉంటుంది. మందు మార్చాలా, నిర్ధారణ సరైనదేనా అన్నంతవరకైతే మంగళగిరి ఎయిమ్స్, గుంటూరు ప్రభుత్వ సర్వజన ఆస్పత్రి (జీజీహెచ్) మనకు అందుబాటులోనే ఉన్నాయి; న్యూరాలజీ ఓపీ ఏ రోజుల్లో ఉంటుందో ముందే కనుక్కుని, టోకెన్ కోసం పొద్దున్నే చేరుకోవాలి. మందులకు లొంగని మూర్ఛకు ఆపరేషన్ పనికొస్తుందా అన్న ప్రశ్నకైతే హైదరాబాద్ నిమ్స్, బెంగళూరు నిమ్హాన్స్, తిరువనంతపురం శ్రీచిత్ర సంస్థ ఉన్నాయి. శ్రీచిత్రలో మూర్ఛ ఆపరేషన్లు 1995 నుంచి జరుగుతున్నాయి. తలకు ఆపరేషన్ అనగానే చాలా కుటుంబాలు ఆ మాటనే పక్కన పెట్టేస్తాయి. ఢిల్లీ ఎయిమ్స్ డాక్టర్లు మందులకు లొంగని మూర్ఛ ఉన్న 116 మంది పిల్లలపై చేసి 2017లో ప్రచురించిన అధ్యయనంలో, ఏడాది తర్వాత ఫిట్స్ లేకుండా ఉన్నవారు ఆపరేషన్ జరిగినవారిలో 77 శాతం, మందులతోనే ఉన్నవారిలో 7 శాతం. ఆపరేషన్ అందరికీ సరిపడదు, కాళ్లూ చేతుల బలం తగ్గడం వంటి నష్టాలూ ఉండవచ్చు. సరిపడుతుందో లేదో పరీక్షించి చెప్పించుకోవడానికి మాత్రం జంకనక్కరలేదు.

మొదటి డాక్టరుకు చెప్పకుండా వెళ్లాలనుకునేవారే ఎక్కువ. చెప్పడమే మంచిదని నా అభిప్రాయం. "సార్, మీ మందులే వాడుతున్నాం. ఒకసారి పెద్ద సెంటరులో కూడా చూపించమని ఇంట్లో పెద్దవాళ్లు అంటున్నారు, మీరొక లెటరు రాసిస్తే బాగుంటుంది" అంటే అనుభవమున్న డాక్టరు తప్పు పట్టరు. ఆ లెటరులో మీరు మరిచిపోయిన మందులు, మోతాదులు కూడా ఉంటాయి.

ఇద్దరి మాటా ఒకటైతే చిక్కు లేదు. వేరైతే, రెండోవారిని "మీరు వేరేగా అనుకోవడానికి ఆధారం ఏమిటండీ" అని అడిగి, ఆ కారణాన్ని చీటీ మీద రాయించుకుని మొదటి డాక్టరుకు చూపించాలి. ఈలోగా పాత మందులను ఒక్క పూట కూడా ఆపకూడదు. ఉన్నట్టుండి మానేస్తే ఆగకుండా ఫిట్స్ వచ్చే ప్రమాదం ఉంది. కొత్త చీటీ వచ్చాక పాత మాత్ర ఏ వారం ఎంత తగ్గించాలో, కొత్తది ఎంత పెంచాలో తేదీలతో రాయించుకోండి. రెండు చీటీల మందులూ కలిపి వేసుకునేవారున్నారు. పైగా ఒకే మందు రెండు కంపెనీల పేర్లతో ఉండవచ్చు. స్ట్రిప్పు వెనుక చిన్న అక్షరాల్లో ఉన్న అసలు మందు పేరును రెండింటి మీదా చదివి, ఒకటే అయితే రెండూ వేసుకోకుండా వెంటనే డాక్టరును అడగాలి. మందులు మార్చే ఆ వారాల్లో ఫిట్స్ 5 నిమిషాలు దాటినా, మధ్యలో తెలివి రాకుండా మళ్లీ మొదలైనా, ఏ డాక్టరు మాట సరైనదని చర్చించకుండా 108కి ఫోన్ చేయాలి.