పాత క్యాంపర్ వ్యాన్‌లో రెండో బ్యాటరీ ఛార్జ్ కాకపోతే

ఇంజన్ నడిచేటప్పుడు ఇంజన్ బ్యాటరీని (మొదటిది) లోపలి లైట్ల బ్యాటరీకి (రెండోది) కలిపే స్విచ్చే రిలే. అది టక్‌మంటే బాగున్నట్టే అనుకోకండి. నా పాత వ్యాన్‌లో అది రోజూ టక్‌మనేది, అయినా తెల్లారేసరికి లోపలి లైట్లు మసకబారేవి.

ముందు ఇంజన్ ఆపి, మల్టీమీటర్‌తో రెండు బ్యాటరీలూ చూడండి. నిండుగా ఉన్న లెడ్ యాసిడ్ బ్యాటరీ, కొన్ని గంటలు కదపకుండా ఉంచాక, 12.6 వోల్టులకు పైనే చూపిస్తుంది. ఇంజన్ స్టార్ట్ చేశాక మామూలుగా 13.8 నుంచి 14.4 రావాలి. మొదటిదానికి వచ్చి రెండోదానికి రాకపోతే తప్పు మధ్య దారిలో ఉంది.

రెండు బ్యాటరీలను కలిపే మందపాటి తీగకు రెండు చివర్లా ఉన్న ఫ్యూజులు చూసి రిలే దగ్గరికి రండి. దాని పిన్నుల మీద నంబర్లుంటాయి: 86లో ఆల్టర్నేటర్ (ఇంజన్ నడిచేటప్పుడు కరెంటు పుట్టించేది) సిగ్నల్, 85లో గట్టి ఎర్త్ (వ్యాన్ బాడీకి కనెక్షన్) ఉండాలి. (కొన్ని వ్యాన్లలో ఈ రెండూ అటూ ఇటూ ఉంటాయి.) ఇంజన్ నడుస్తుండగా మీటర్ ప్రోబ్‌లు (కొసలు) ఛార్జింగ్ కరెంటు పారే 30, 87 పిన్నుల మీద పెట్టండి. దాదాపు సున్నా రావాలి. నాకు 1.1 వోల్టులు వచ్చింది! రిలే మూత విప్పితే కాంటాక్టులు (లోపల ఒకదానికొకటి తగిలే లోహపు ముక్కలు) నల్లగా మాడి, గుంటలు పడి ఉన్నాయి.

రిలే మార్చే ముందు ఇంజన్ ఆపి, రెండు బ్యాటరీల నెగటివ్ తీగలూ తప్పక తీసేయండి. ఆ మందపాటి తీగ బాడీకి తగిలితే మంటలే. ఎర్త్ బోల్టు కింద పెయింట్, తుప్పు గీకి, మెరిసే లోహం కనబడ్డాకే బిగించండి.