డ్రమ్ము నిండా నీళ్లు, మొక్కకు చుక్క లేదు

పైకప్పు వాననీరు పట్టే 200 లీటర్ల డ్రమ్ముకు డ్రిప్ కిట్ తగిలించాను. కుళాయి తిప్పితే డ్రమ్ము పక్కనున్న రెండు మొక్కలకు నాలుగు చుక్కలు పడ్డాయి, అంతే. పైపులో ఏదో అడ్డుపడిందని సగం రోజు ఊదుతూ కూర్చున్నాను. అడ్డం ఏమీ లేదు.

అసలు సంగతి ప్రెషర్. నీటిమట్టం మీటరు ఎత్తులో ఉంటే వచ్చేది సుమారు 0.1 బార్ (బార్ అంటే ప్రెషర్‌ను కొలిచే యూనిట్) మాత్రమే. నేను కొన్నవి ప్రెషర్ కాంపెన్సేటింగ్ డ్రిప్పర్లు, అంటే ప్రెషర్ కాస్త మారినా నీళ్లు ఒకే లెక్కన వదిలేవి. లోపల రబ్బరు పొర ఉండే ఈ రకానికి సాధారణంగా 0.5 నుంచి 1 బార్ దాకా కావాలి. అంటే కనీసం ఐదు మీటర్ల ఎత్తు! డ్రమ్మును అంత పైకి ఎక్కించడం నా వల్ల అయ్యే పని కాదు.

అందుకే పొర లేని, చేత్తో తిప్పి వదులు చేసుకునే డ్రిప్పర్లు మార్చాను. సన్న గొట్టం తీసేసి మెయిన్ లైనుకు 16 మిల్లీమీటర్ల పైపు వేశాను. డ్రమ్ము కింద మీటరు ఎత్తు గట్టి దిమ్మె కట్టాను (నిండితే 200 కిలోల పైమాటే, నాలుగు ఇటుకలు పేర్చి ఊరుకుంటే కుదరదు).

అయినా వేళకు నీళ్లు వదలడానికి పెట్టిన టైమర్ సతాయించింది. సోలనాయిడ్ వాల్వు (కరెంటు అయస్కాంతంతో తెరుచుకునేది) ఉన్న టైమర్లలో చాలావరకు కొంత ప్రెషర్ ఉంటేనే నీళ్లు వదులుతాయి. ప్రెషర్ లేకున్నా తెరుచుకునే బాల్ వాల్వు (లోపల రంధ్రమున్న గుండు తిరిగేది) టైమర్ పెట్టాక ఆ టెన్షన్ పోయింది. ఫిల్టర్ జాలీ మాత్రం వారానికోసారి కడగాల్సిందే, ఆకుల చెత్త దిగుతూనే ఉంటుంది.

చివరి కుండీకి ఇప్పటికీ నీళ్లు కాస్త తక్కువే. అక్కడి డ్రిప్పర్‌ను ఇంకో చుట్టు వదులు చేశాను.