రాత్రికి లంగరు వేసే ముందు

పగడపు దిబ్బలున్న చోటికి ఎండ నిటారుగా ఉన్నప్పుడే, అంటే ఉదయం 10 నుంచి మధ్యాహ్నం 3 లోపు, సూర్యుడు మన వీపు వెనక ఉండేలా చూసుకుని వెళ్లండి. పోలరైజ్డ్ కళ్లద్దాలు పెట్టుకుంటే నీళ్ల కింద గోధుమరంగు మచ్చలు బాగా కనబడతాయి, అవే దిబ్బలు, పడవను వాటి దగ్గరికి పోనివ్వొద్దు.

లంగరు ఇసుకలోనే పడాలి.

గొలుసు లెక్కలో పోటు మీదున్నప్పటి లోతుతో పాటు నీటి పైన పడవ ముందుభాగం ఎత్తూ కలపాలి, చాలామంది మర్చిపోయేది ఇదే: 4 మీటర్ల లోతు, 1 మీటరు ఎత్తు అయితే మొత్తం 5, దానికి ఐదు రెట్లు, అంటే కనీసం 25 మీటర్ల గొలుసు, తాడైతే ఏడు రెట్లు, 35.

లంగరు ఇసుకలో గట్టిగా దిగేలా ఇంజిన్ రివర్స్‌లో పెట్టి మెల్లగా లాగండి. గొలుసు మీద చేయి ఆనిస్తే లంగరు జారుతున్న గరగర తెలిసిపోతుంది.

యాంకర్ అలారం (పడవ ఉన్నచోటు నుంచి జరిగితే మోగేది), పైన తెల్ల లైటు సరేసరి. అర్ధరాత్రి గాలివాన కొడితే పడవ మొత్తం గాలి తోసే వైపుకి తిరిగిపోతుంది, ఆ వైపు దిబ్బ ఉందేమో వెలుతురుండగానే చూసిపెట్టుకోండి.